పండ్లు చెప్పు కథ

మన తెలుగుభాషలో ఒక చమత్కారము కలదు. చెట్టున కాచి పండినవియు పండ్లే. నోటిలో మొలచి వానిని కొఱుకునవియు పండ్లే. ఈ రెంటికిని ఒక్క మాటయే యగుట భాషలో కలిగిన యాదృచ్ఛికము కావచ్చును. అయినను ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పు సంగతులు వినినచో ఆ మాటలో కొంత నిజము కూడ కలదని తోచును. ఏ జంతువు ఏ చెట్టు పండు తినునో, ఏ ఆకు నమలునో, ఏ పురుగును పట్టునో, దానినిబట్టియే దాని నోటిపండ్లు అమరియుండును. అడవిలో దానివెంట ఏండ్లకొలది తిరుగకున్నను, ఎండిన దవడయెముక యొకటి చేతికి దొరికినచో, ఆ జంతువు తిండి యెట్టిదో చాలవఱకు చెప్పవచ్చును.

ఈ సంగతి తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. నెల్లూరు జిల్లా పడమటి భాగముననున్న ఆత్మకూరు, ఉదయగిరి సీమలు చాలును. అచ్చటి కొండలలోను ఊళ్లలోను మనకు చుట్టములని చెప్పదగిన జంతువులు కలవు. దేవాంగపిల్లి, కొండముచ్చు, కోతి అను నీ మూడింటిని మనుష్యునితో కలిపి శాస్త్రజ్ఞులు ఒక్క గణముగా లెక్కింతురు. దానికి ప్రైమేటులని పేరు. ఒక్క కుటుంబమువారే యైనను తిండిలో ఒక్కరి దారి ఒక్కరిది. కాబట్టి పండ్లలోను ఒక్కరి తీరు ఒక్కరిది. ఆ తీరులను వరుసగా చూపి, తుదకు మన పిల్లల పండ్ల సంగతి విన్నవించుటయే మా యుద్దేశము.

కొండయు, తిండియు

నెల్లూరు జిల్లా యనగానే పెన్నేటి పల్లపు వరిమళ్లు మనసున మెదలును. పడమరకు పోయినకొలది ఆ పచ్చదనము తఱుగును. ఆత్మకూరు దాటి మర్రిపాడు మీదుగా బద్వేలు దిక్కునకు పోవు బాటయందును, ఉత్తరమున ఉదయగిరి వైపునను మెట్టచేలు, గులకరాళ్లు, ముండ్లపొదలు, వాని వెనుక వెలిగొండలు కానవచ్చును. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొనిన ఉదయగిరి దుర్గము 3,000 అడుగులకు మించిన కొండమీద నున్నది. అచ్చటి యడవి యెండుటడవి. రేగు, బలుసు, తుమ్మ, తునికి, మోదుగ, ఎఱ్ఱచందనము మొదలగునవి అచ్చట పెరుగును. ఊళ్ల చెంత వేప, చింత, మఱ్ఱి, రావి యుండును. వానలలో పెద్దపాలు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. ఆ నెలలలో చిగుళ్లు, పురుగులు సమృద్ధిగా నుండును. వేసవిలో ముదురాకులు, గట్టి గింజలు, చెట్టుబంక మాత్రమే మిగులును. ఇట్టి చోట బ్రతుకవలసిన జంతువునకు పండ్లు అలంకారము కొఱకు కాదు, ఆయువు కొఱకే.

ఉదయగిరి కొయ్యపనికి ప్రసిద్ధి. అచ్చటి పనివారు అడవికొయ్యతో గరిటెలు, చెంచాలు, ముండ్లచెంచాలు చెక్కుదురు. పులుసు గరిటె లోతుగా నుండును, అట్లకాడ పలుచగా నుండును, ముండ్లచెంచాకు మొనలుండును. కొయ్య యొక్కటియే, పని వేఱు. కాబట్టి రూపము వేఱు. వానరముల పండ్లును ఇట్టివే. అయితే కొయ్యను చెక్కుటకు పనివాడున్నాడు. పండ్లను చెక్కినది లక్షలకొలది సంవత్సరముల కాలము. తన తిండిని చక్కగా నమలగలిగిన జంతువు బ్రతికి పిల్లలను కనెను. నమలలేనిది సంతతి లేకయే పోయెను. తరతరములు ఇట్లు జరుగగా పండ్లు తిండికి తగినట్లు కుదిరినవి.

ముందుగా పండ్ల పేర్లు చెప్పుకొందము. ముందఱ నుండి కొఱుకునవి కొఱుకుపండ్లు. వాని ప్రక్కన మొనదేలినవి కోరపండ్లు. వెనుక నమలునవి దవడపండ్లు. వీనిలో చిన్నవి కొన్ని, పెద్దవి కొన్ని. పంటిపైన తెల్లగా మెఱయు పొరకు పింగాణి యని పేరు. దేహములో దానికంటె గట్టి పదార్థము లేదు. మనకు పెద్దతనమున 32 పండ్లు. కోతికిని కొండముచ్చునకును 32 పండ్లే. దవడ యొక్కొక్క పక్కను రెండు కొఱుకుపండ్లు, ఒక కోర, రెండు చిన్న దవడపండ్లు, మూడు పెద్ద దవడపండ్లు. మన బిడ్డకు పాలపండ్లు 20, కోతిపిల్లకును అన్నియే. దేవాంగపిల్లికి మాత్రము 36. ఆమె దూరపు చుట్టము. కాబట్టి లెక్కలో తేడా.

దేవాంగపిల్లి దువ్వెన

పేరు పిల్లియే గాని యిది పిల్లిజాతిది కాదు. పావుకిలోకు అటునిటు బరువు, పుల్లలవంటి కాళ్లు, తోక లేని యొడలు, ముఖమంతయు కన్నులే. తూర్పు కనుమల దక్షిణభాగపు ఎండుటడవులలోను పొదలలోను పగలెల్ల ముడుచుకొని నిద్రించి, రాత్రివేళ కొమ్మమీద మెల్లమెల్లగా నడచుచు వేటాడును. దాని వేట చీమలు, చెదలు, పెంకుపురుగులు, మిడుతలు. దుర్వాసన గలవని యితర జంతువులు వదలివేయు పురుగులను సైతము అది విడువదు.

పురుగు లోపల మెత్తన, వెలుపల పెంకు. పెంకును నూఱవలెనన్న జారును. మొనతో పొడిచినచో పగులును. కాబట్టి దేవాంగపిల్లి దవడపండ్లమీద సూదులవంటి మొనలు నిలిచియుండును. నోరు మూసినంతనే ఆ మొనలు పెంకును చీల్చివేయును.

అంతకంటె వింత దాని క్రింది దవడ ముందుభాగమున నున్నది. నాలుగు కొఱుకుపండ్లు, రెండు కోరలు, మొత్తము ఆఱు సన్నని పండ్లు ఒకదానినొకటి ఆనుకొని, నిలువుగా గాక ముందునకు వాలియుండును. అది అచ్చముగా దువ్వెనయే. దానితో అది తన బొచ్చును, తన పిల్లల బొచ్చును దువ్వుకొనును. చెట్టుబంకను గీకుకొనుటకును అది పనికివచ్చును. దువ్వెనలో చిక్కిన వెండ్రుకలు తీయవలెను గదా! అందులకు నాలుక క్రింద మఱియొక చిన్న గట్టి నాలుకవంటిది కలదు. దాని అంచు పండ్ల సందులలో దూఱి శుభ్రపఱచును. అద్దము ముందఱ మనకు కావలసిన సామగ్రి యంతయు ఆ చిన్న ప్రాణి నోటిలోనే యున్నది.

ఈ ప్రాణిని చూచిన కీడనియు, మంత్రతంత్రములకు పనికివచ్చుననియు వెఱ్ఱినమ్మకములు కలవు. వానివలన అనేకము చచ్చుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని మొదటి పట్టికలో చేర్చి కాపాడుచున్నది. పొలములలోని పురుగులను తినిపెట్టు ఈ మూగప్రాణికి హాని చేయుట పాపమే గాక నేరము కూడను.

కొండముచ్చు కత్తెర

నల్లని మొగము, బూడిదవన్నె యొడలు, నిడుపైన తోక గల కొండముచ్చును మీరందఱు ఎఱుగుదురు. అది చిగుళ్లు, ఆకులు, పువ్వులు, పచ్చికాయలు, గింజలు తినును. అన్నిటికంటె ఆకు ముఖ్యము. ఆకును తినుట సులభమని తోచును గాని నిజమునకు అదియే కష్టము. ముదిరిన తోటకూర కాడను ఎంత నమలినను పీచు పీచుగానే మిగులుట మీకు అనుభవమే. ఆకులో బలము తక్కువ, పీచు ఎక్కువ. ఆ పీచును ఎంత సన్నముగా తఱిగిన అంత బలము బయటికి వచ్చును.

అందుచేత కొండముచ్చు నోటిలో కత్తెర యమరియున్నది. పెద్ద దవడపండ్లు ఒక్కొక్కదానిమీద అడ్డముగా రెండు గట్లు, వాని నడుమ ఒక లోయ. పైపంటి గట్టు క్రిందిపంటి లోయలోనికి దిగునప్పుడు ఎత్తైన అంచులు ఒకదానినొకటి రాచుకొనుచు పోవును. నడుమ పడిన ఆకు ముక్కముక్కలగును. పండ్లు కొంచెము అఱిగినప్పుడు కూడ ఈ పని ఆగదు. పైనున్న పింగాణి గట్టిది, లోపలి దంతధాతువు మెత్తనిది. మెత్తనిది ముందుగా అఱుగగా చుట్టును పింగాణి అంచు కత్తివలె నిలుచును. కత్తిపీటను సాన పట్టించుటకు మనము మనిషిని వెదకుదుము. కొండముచ్చునకు నమలుటయే సాన.

పండ్లు తఱిగియిచ్చిన ఆకును కడుపు వండును. దాని కడుపు ఆవు కడుపువలె గదులుగా నుండి, కంటికి కనబడని సూక్ష్మజీవులతో నిండియుండును. అవి ఆకును పులియబెట్టి పీచును కరగించును. కొన్ని ఆకులలోని విషమును సైతము విఱుచును. మన భాషలో పంటికిని అఱుగుట యనియే అందుము. అన్నమునకును అఱుగుట యనియే అందుము. కొండముచ్చు విషయమున ఈ రెండును ఒక్క పని యొక్క రెండు కొనలే.

కోతి యులి, కోతి సంచి

ఊళ్లలో మనకు ఎదురగు కోతి వేఱు. నెత్తిమీది వెండ్రుకలు నడిమి నుండి విడి టోపీవలె పఱచుకొనియుండుట దాని గుర్తు. దక్షిణభారతమే దీని పుట్టినిల్లు. ఇది యొక తిండికి కట్టుబడినది కాదు. రేగుపండ్లు, మఱ్ఱిపండ్లు, గింజలు, చిగుళ్లు, పురుగులు, పక్షిగ్రుడ్లు, చేలలోని వేరుసెనగ, మన పెరటి జామ, అదను దొరికిన మన వంటింటి అరటిపండు, అన్నియు దానికి భక్ష్యములే.

ఇన్నివిధములైన తిండికి ఇన్నివిధముల పనిచేయు పనిముట్టు కావలెను. కోతి ముందుపండ్లు కొండముచ్చు పండ్లకంటె వెడల్పు. పండును కొఱుకుటకును, తొక్క ఒలుచుటకును అనుకూలము. క్రింది కొఱుకుపండ్లకు లోపలివైపున పింగాణి లేదు. కాబట్టి లోపలివైపు త్వరగా అఱిగి, వెలుపలి అంచు వడ్రంగి యులివలె వాడిగా నిలుచును. దవడపండ్లమీద కొండముచ్చునకున్న రెండు గట్లే యున్నను అవి పొట్టివి, గుండ్రనివి, పింగాణియు దళసరి. కోయుటకంటె నలుగగొట్టుటకు అవి తగినవి. కొండముచ్చు నోరు కత్తెరయైనచో కోతి నోరు రోలు అనవచ్చును.

దాని బుగ్గలలో రెండు సంచులు కూడ కలవు. చేనిలో దొరికినది చకచక బుగ్గలలో నింపుకొని, పరుగెత్తి చెట్టెక్కి, అచ్చట తీరికగా నమలును. కోతికి కొబ్బరికాయ దొరికినట్లని మన సామెత. దొరికినదానిని ఏమి చేయవలెనో తెలియనివానిని గూర్చి చెప్పుదురు. కాని తనకు తగిన తిండి దొరికినప్పుడు ఏమి చేయవలెనో కోతి నోటికి బాగుగా తెలియును. అడవి తఱిగినను, కోటగోడలలోను, గుడి ప్రాకారములలోను, బస్సులు ఆగుచోటులలోను అది నిలద్రొక్కుకొనుటకు ఈ సర్వభక్షక దంతములు గొప్ప సాధనము.

కోరలను గూర్చిన భ్రమ

మన యిండ్లలో తఱచు ఒక వాదము జరుగుచుండును. మనుష్యునకు కోరపండ్లున్నవి గనుక అతడు మాంసాహారియే యని యొకరు, ఆ కోరలు చిన్నవి గనుక శాకాహారియే యని మఱియొకరు వాదింతురు. వానరములను చూచినచో ఈ వాదము రెండువైపుల నిలువదు. ఆకులు తిని బ్రతుకు మగ కొండముచ్చునకు పెద్ద కోరలు కలవు. మగకోతి పైకోరలు కత్తులవలె నుండి, క్రింది దవడలోని చిన్న దవడపంటికి రాచుకొని వాడి దేలును. అవి తిండి కొఱకు కాదు. మందలోని యితర మగవానిని బెదరించుటకు, పోరాడుటకు. ఆడకోతుల కోరలు చిన్నవి. అవి మగవానితో సమానముగా అదే తిండి తినుచున్నవి గదా! కాబట్టి కోరలను చూచి విస్తరిలో ఏమి వడ్డింపవలెనో నిర్ణయింపరాదు. తిండి సంగతి చెప్పునవి ముఖ్యముగా ముందఱి కొఱుకుపండ్లు, వెనుకటి దవడపండ్లు.

రాతిలో మిగిలిన పండ్లు

చచ్చిన జంతువు మాంసము కుళ్లును, ఎముక పొడియగును; పన్ను మాత్రము వేలకొలది సంవత్సరములు నిలుచును. వెలిగొండలకు పడమర, కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గఱ బిల్లసర్గము గుహలు కలవు. 1884, 1885 సంవత్సరములలో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ గారి యాజమాన్యమున అచ్చట త్రవ్వకములు జరిగినవి. దొరికిన ఎముకలను, పండ్లను పరీక్షించి రిచర్డ్ లిడెక్కర్ అను పండితుడు 1886లో గ్రంథము ప్రకటించెను. వానిలో కొండముచ్చు జాతివి కలవని ఆయన గుర్తించెను; నేడు మన దేశమున అడవులలో ఎచ్చటను లేని బబూను వంటి వానరము ఆనవాలు కూడ కలదని వ్రాసెను. మన సీమలో కొన్ని వానరములు నిలిచినవనియు, ఒకటి నశించినదనియు ఈ చిన్న చిన్న పండ్లవలననే మనకు తెలిసినది.

నేటి శాస్త్రజ్ఞులు పంటి రూపమునే గాక దానిమీది గీతలను సైతము సూక్ష్మదర్శినితో చదువుదురు. గట్టి గింజలు కొఱికిన పంటిమీద చిన్న చిన్న గుంటలు పడును. ఆకులు నమలిన పంటిమీద సన్నని గీతలు పడును. తిండితో కలసి నోటిలోనికి పోవు దుమ్మును, ఇసుకయు పంటిని మఱింత అఱుగదీయును. పంటి రూపము వంశచరిత్ర చెప్పును. పంటిమీది గీతలు నిన్నమొన్నటి భోజనమును చెప్పును.

ఇల్లాలి చేతిలోని దవడపండ్లు

ఇక నాలుగవ చుట్టము సంగతి. మన పండ్లు చిన్నవి, కోరలు మొద్దువి, దవడ పొట్టిది. మన పూర్వికులకు ఇంతకంటె పెద్ద దవడలు, పెద్ద పండ్లు ఉండెనని శిలాజములు తెలుపుచున్నవి. మఱి మనకు ఎట్లు చిన్నవైనవి? రాతి పనిముట్టుతో తిండిని కోయుట, దంచుట, తరువాత నిప్పుమీద వండుట నేర్చినకొలది నోటికి పని తగ్గినది. పని తగ్గినకొలది పెద్ద దవడతో అవసరము తీఱినది. ఇది శాస్త్రజ్ఞులలో పలువురు చెప్పు కారణము.

సోదరీమణులారా! ఈ మాటను మన వంటింటిలో నిలిచి చూడుడు. కత్తిపీట కొఱుకుపండ్ల పని చేయుచున్నది. రోలు, రోకలి, తిరుగలి, పొత్రము దవడపండ్ల పని చేయుచున్నవి. నేడు ఆ పని మిక్సీ చేయుచున్నది. పొయ్యి కొండముచ్చు కడుపు పని చేయుచున్నది. కొండముచ్చు నోటిలోను కడుపులోను మోయు పనిముట్లను మనుష్యజాతి నోటి వెలుపల అమర్చుకొన్నది. తరతరములుగా మన యిండ్లలో వానిని నడిపిన చేతులు స్త్రీలవి. కోతి పండ్లను దాని కొండ తీర్చినది. మన పండ్లను మన వంటిల్లు తీర్చినది.

ఈ యేర్పాటువలన లాభమెంతయో కలదు. కొంత నష్టమును కలదు. దవడ పొట్టిదగుటచే కడపట రావలసిన జ్ఞానదంతమునకు చోటు చాలక పలువురు బాధపడుచున్నారు. మెత్తని తీపితిండి పండ్ల సందులలో అంటుకొనును. నోటిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని పులియబెట్టి ఆమ్లము చేయును. ఆమ్లము పింగాణిని తినివేయును. దానినే మనము పిప్పిపన్ను అందుము. ఒక్కమాఱు భోజనముతో తినిన తీపికంటె దినమెల్ల కొంచెము కొంచెముగా చప్పరించు తీపి ఎక్కువ చెఱుపు. నడుమ నడుమ బిళ్లలు, బిస్కత్తులు ఇచ్చుటకంటె, నమలి తినవలసిన వేయించిన సెనగలు, జామకాయ, క్యారెట్టు ఇచ్చుట మేలు. మిక్కిలి చిన్నబిడ్డలకు మాత్రము గట్టి గింజలు గొంతున అడ్డుపడును గనుక ఈయరాదు.

కొండదారులవెంట కోతులకు బిస్కత్తులు విసరుట పుణ్యమని కొందఱు తలచుచున్నారు. అది పుణ్యము కాదు. మన వంటింటి తిండికి మరగిన కోతి కొండను విడిచి బాటకు దిగును; బండ్ల క్రింద పడును; పిల్లల చేతిలోని మూటకై గీరును, కఱచును. రేగుపండును ఒలుచుకొన నేర్చిన నోటికి రేగుపండే తగును.

నీరు వ్రాసిన వ్రాత

ఇంతవఱకు తిండి పండ్లను ఎట్లు తీర్చునో చూచితిమి. ఈ సీమలో నీరు కూడ పండ్లమీద వ్రాయును. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచినది.

పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు విడిపోయినవి. అచ్చటి పల్లెలలో పిల్లల పండ్లు గోధుమవన్నెకు తిరుగుటయు, పెద్దల మెడ, నడుము, కీళ్లు బిగిసిపోవుటయు వైద్యుల దృష్టికి వచ్చెను. షార్టు, మెక్రాబర్టు మొదలగు వైద్యులు పరీక్షించి, ఇది త్రాగునీటిలోని ఫ్లోరైడు అను లవణమువలన కలుగు వ్యాధియని 1937లో ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గుర్తించుట అదియే మొదలు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు మెట్టపల్లెలను సైతము ఈ పీడ విడువలేదు.

కారణము భూమిలో నున్నది. కొన్ని రాళ్లలో ఫ్లోరైడు గల ఖనిజములుండును. వాన తక్కువగా కురియు సీమలో భూగర్భజలము ఆ రాళ్ల నడుమ ఎక్కువకాలము నిలిచి ఆ లవణమును కరగించుకొనును. వాననీటిలోను, ఏటినీటిలోను ఇది సాధారణముగా స్వల్పము. లోతు బోరునీటిలో అధికము కావచ్చును. లీటరునకు 1 మిల్లిగ్రాము వఱకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేఱు నీరు దొరకనిచో 1.5 మిల్లిగ్రాములకు మించరాదనియు మన దేశపు ప్రమాణము. స్వల్పముగా ఉన్నచో అది పంటిని పిప్పి నుండి కాపాడును. మించినచో అదియే శత్రువగును.

తల్లులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పాలపండ్ల వెనుక రావలసిన పండ్లు చిగురు క్రింద ఎంతో ముందుగానే తయారగుచుండును. మొదటి పెద్ద దవడపంటి పింగాణి బిడ్డ పుట్టునాటికే మొదలగును. ముందుపండ్లది మొదటి సంవత్సరముననే మొదలగును. జ్ఞానదంతములు తప్ప తక్కినవాని పింగాణి ఇంచుమించు ఎనిమిదవ యేటికి పూర్తియగును. ఆ ఎనిమిదేండ్లలో త్రాగిన నీరే పింగాణిలో గుర్తుగా నిలుచును. మొదట సుద్దవంటి తెల్లని మచ్చలు, తరువాత పసుపు, ముదిరినచో గోధుమవన్నె చారలు, గుంటలు. పన్ను మొలచిన తరువాత ఎంత బొగ్గుపొడి, ఎంత ఉప్పు వేసి తోమినను అది పోదు. ఏలయన అది పైన పట్టిన మురికి కాదు, లోపల నేసిన రంగు.

ఈ గారపండ్లు గల పిల్లను పరిశుభ్రత యెఱుగనిదని ఆక్షేపించుట మన సంఘమున కలదు. పెండ్లిచూపులలో నోరు విప్పి నవ్వలేక, చేయి అడ్డము పెట్టుకొని మాటలాడు బాలికలు ఎందఱో! ఆ పిల్ల చేసిన తప్పేమి? ఆమె తన యూరి నీరు త్రాగినది, అంతే. కొండముచ్చు పంటిమీద ఆకు గీతలు పడినట్లే ఆమె పంటిమీద ఆ యూరి రాళ్లు తమ గుర్తు వ్రాసినవి. ఆ గుర్తును చూచి ఆమెను నిందింపక, ఆమె తమ్ముడు, చెల్లెలు త్రాగు నీటిని గూర్చి విచారింపవలెను.

ఏమి చేయవలెను? బిడ్డకు ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలే ఈయుడు. తల్లి త్రాగు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నున్నను తల్లిపాలలోనికి వచ్చునది మిక్కిలి స్వల్పము. అదే నీటితో పాలపొడి కలిపి పట్టినచో బిడ్డకు ఆ లవణమంతయు చేరును. మీ యింటి బోరునీటిని పరీక్ష చేయింపుడు. కంటికి తేటగా నుండుటయు, నాలుకకు తియ్యగా నుండుటయు నమ్మదగిన గుర్తులు కావు. నీటిని కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరినకొలది మఱింత చిక్కనగును. గుడ్డతో వడకట్టినను పోదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనా సంస్థవారు పటికయు సున్నమును చేర్చి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. పాళ్లు నీటినిబట్టి మాఱును గనుక తెలిసినవారి చేతనే చేయింపవలెను. రివర్స్ ఆస్మాసిస్ యంత్రములును ఈ లవణమును చాలవఱకు తొలగించును. శుద్ధిచేసిన నీరు కొంచెమే దొరకినచో స్నానమునకు, బట్టలకు కాక, మొదట ఎనిమిదేండ్లలోపు పిల్లలకును గర్భిణులకును త్రాగుటకు, వంటకు వినియోగింపుడు. అన్నము ఉడుకు నీరును కడుపులోనికే పోవునని మఱువరాదు. పసిపిల్లలకు తేనీరు అలవాటు చేయకుడు; ఆ యాకులోను ఫ్లోరైడు కలదు. పాలు, పెరుగు, మజ్జిగ, ఆకుకూరలు, ఉసిరిక వాడుకలో నుంచుడు.

ఇంటిలో చేయదగినది ఇంత. ఊరిలో చేయవలసినది మఱియొకటి కలదు. ఆత్మకూరు సీమలోనే అనంతసాగరము దగ్గఱ పెన్నమీద సోమశిల జలాశయమున్నది. ఏటినీరు మెట్టపల్లెల బిందెలకు చేరినప్పుడే ఈ పీడకు నిజమైన విఱుగుడు. గ్రామసభలలో నీటి సంగతి వచ్చినప్పుడు స్త్రీలు వెనుక కూర్చుండి ఊరకుండరాదు. బిందె మోయునది మనము, ఆ నీటితో వండునది మనము, ఆ నీరు త్రాగి పండ్లు మొలచుచున్నది మన పిల్లలకు. ఫ్లోరైడు లెక్క యెంత యని నిలిచి యడుగుటకు మనకంటె అధికారము గలవారెవరు?